పడవ కంటే ముందు పడవ కట్టేసే చోటు చూసుకోండి

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్‌లో ఉంటున్నాం. ఇద్దరం ఉద్యోగులం. ఒకటో తరగతి చదివే బాబు ఉన్నాడు. ఇంటి అద్దె నెలకు 1,600 పౌండ్లు. ఇల్లు కొనడానికి డిపాజిట్ కూడటం లేదు. ఈమధ్య గ్రాండ్ యూనియన్ కాలువ గట్టున నడుస్తుంటే 57 అడుగుల నారోబోట్ (కాపురం ఉండటానికి వీలైన సన్నటి ఇనుప పడవ) ఒకటి అమ్మకానికి కనిపించింది. 2004లో కట్టిందట, 48,000 పౌండ్లు చెబుతున్నారు. సేఫ్టీ సర్టిఫికెట్ ఉంది, ఏ ఇబ్బందీ లేదు అంటున్నాడు అమ్మే ఆయన. రెండు వారాలకోసారి పడవను జరుపుకుంటూ పోతే మూరింగ్ (పడవ కట్టేసే చోటు) అద్దె కూడా కట్టక్కర్లేదట. మావారికి చాలా ఇష్టంగా ఉంది. మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు, కాలువ గట్టున పుట్టి పెరిగినదాన్ని, నీళ్ళంటే భయం లేదు. కానీ చలికాలం, వంట, బాత్రూము, రిపేర్లు తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. వచ్చే వేసవిలో అత్తమామలు కూడా వస్తామంటున్నారు. కొనమంటారా?

సమాధానం:

అమ్మా, నేనూ కొన్నేళ్ళుగా ఇలాంటి పడవలోనే ఉంటున్నాను, ఈ బతుకంటే నాకు ప్రాణం. అందుకే మిమ్మల్ని వద్దని భయపెట్టను. కానీ "జరుపుకుంటూ పోతే మూరింగ్ అక్కర్లేదు" అన్న మాట బడికి వెళ్ళే పిల్లాడున్న ఇంటికి పనికిరాదు. మిగతా సంగతులన్నీ దాని తర్వాతే కాబట్టి ముందు అదే చెబుతాను.

ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు 2,000 మైళ్ళ కాలువలను, నదులను చూసేది కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్. 2012లో పాత బ్రిటిష్ వాటర్‌వేస్ నుంచి వీటిని తీసుకుంది. ట్రస్ట్ లైసెన్సు ఇవ్వాలంటే మీ పడవకు స్థిరమైన మూరింగ్ ఉండాలి, లేదా 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం చెప్పినట్టు పడవ నిజంగా ప్రయాణాల్లో ఉండాలి. ఒకే చోట వరసగా 14 రోజులకు మించి ఆగకూడదు. మీరు విన్న రెండు వారాల మాట ఇక్కడిదే. అమ్మే ఆయన చెప్పనిది రెండో సగం. పద్నాలుగో రోజున ఒక వంతెన దాటి కట్టేసి, మళ్ళీ రెండు వారాలకు వెనక్కి రావడం ప్రయాణం కిందికి రాదు. ఏడాది మొత్తంలో 15 - 20 మైళ్ళ పరిధి కూడా దాటని పడవను నిజంగా ప్రయాణిస్తున్నట్టు ఒప్పుకోవడం కష్టమని ట్రస్ట్ తన సూచనల్లోనే రాసింది. చిన్న పరిధిలోనే ముందుకూ వెనక్కూ తిప్పుతూ అందులోనే కాపురముంటే అది నిజమైన ప్రయాణం కాదని 2011లో బ్రిస్టల్ కౌంటీ కోర్టు కూడా తేల్చింది. ఉద్యోగం, పిల్లల బడి దగ్గర్లో ఉన్నాయన్న కారణం ఇక్కడ చెల్లదు.

ఇప్పుడు మీ ఇంటి సంగతి ఆలోచించండి. మిల్టన్ కీన్స్ నుంచి దక్షిణంగా వెళితే ఫెన్నీ స్ట్రాట్‌ఫర్డ్, సోల్బరీ లాకులు (పడవను పైకెత్తే, కిందికి దింపే నీటి తలుపుల గదులు), లైటన్ బజర్డ్, ఆపైన మార్స్‌వర్త్. ఉత్తరంగా వెళితే కాస్‌గ్రోవ్, స్టోక్ బ్రూయర్న్, ఆ తర్వాత బ్లిస్‌వర్త్ సొరంగం. చూడటానికి ఎంతో బాగుంటుంది. కానీ జనవరిలో పొద్దున ఏడున్నరకు, ఇంకా చీకటి వదలకముందే, మార్స్‌వర్త్ దగ్గర బురద గట్టున బాబును నడిపించుకుంటూ కారు దాకా వెళ్ళి, అక్కణ్ణించి మిల్టన్ కీన్స్ బడికి చేర్చి, ఆఫీసుకు వెళ్ళాలి. ఆ కారును కూడా పడవ వెంట ఊరూరూ జరుపుకోవాలి. నవంబరు నుంచి మార్చి దాకా ట్రస్ట్ లాకులకు మరమ్మతులు చేస్తుంది, అప్పుడు దారి మూసేస్తారు. వేసవిలో నీళ్ళు చాలకపోతే మరో ఇబ్బంది. 2025లో లీడ్స్ - లివర్‌పూల్ కాలువలో చాలా మేర లాకులు మూతపడ్డాయి. పైగా మూరింగ్ లేని పడవలకు 2024 ఏప్రిల్ నుంచి లైసెన్సు మీద అదనపు రుసుము కూడా పెట్టారు. ఇద్దరూ ఇంటి నుంచి పనిచేస్తూ, పిల్లలు లేనివాళ్ళకు ఈ పద్ధతి హాయి. మీకు కాదు.

కాబట్టి పడవ చూడటం ఆపి, ముందు మూరింగ్ వెతకండి. మెరీనాలకు (పడవలు నిలిపే చిన్న రేవులకు) ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగండి: ఇది కాపురం ఉండటానికి అనుమతి ఉన్న రెసిడెన్షియల్ మూరింగా, లేక లీజర్ మూరింగా? లీజర్ మూరింగ్ అంటే పడవను పెట్టుకోవడానికే, అందులో ఇల్లు చేసుకోవడానికి కాదు. చూసీచూడనట్టు పోనిచ్చే చోట్లు ఉంటాయి, కానీ ఎవరో ఫిర్యాదు చేసిన రోజున మీరు బాబుతో సహా వెళ్ళిపోవాలి. రెసిడెన్షియల్ మూరింగ్‌లు తక్కువ, వెయిటింగ్ లిస్టులు ఉంటాయి, కౌన్సిల్ ట్యాక్స్ (ఇక్కడి ఇంటి పన్ను) కూడా పడవచ్చు. అయినా మీకు కావలసింది అదే. దానితో సరైన చిరునామా వస్తుంది. బడి అడ్మిషన్, బ్యాంకు, కారు ఇన్సూరెన్సు అన్నీ చిరునామా మీదే నడుస్తాయి. మీలో ఎవరైనా స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉంటే, మీరు ఉండే చోటు వివరాలు ఎప్పటికప్పుడు కంపెనీ దగ్గర ఉండాలి. "ఈ వారం ఫలానా వంతెన దగ్గర" అని రాసి ఇస్తే హెచ్.ఆర్. వాళ్ళు ఊరుకోరు.

మూరింగ్ దొరికిందనుకుందాం. అప్పుడు ఆ 2004 పడవ దగ్గరికి వద్దాం.

సేఫ్టీ సర్టిఫికెట్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదన్నాడు కదా. బోట్ సేఫ్టీ స్కీమ్ సర్టిఫికెట్ నాలుగేళ్ళకోసారి తీసుకోవాలి, అది లేనిదే లైసెన్సు రాదు. కానీ ఆ తనిఖీలో చూసేది గ్యాస్ పైపులు, వైరింగు, డీజిల్ ట్యాంకు, మంటలార్పే సిలిండర్లు, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు. నీళ్ళలో మునిగి ఉన్న ఇనుము ఎంత మందం మిగిలిందో అందులో చూడరు. ఇంజిన్ ఎలా ఉందో కూడా చూడరు. పడవ మునుగుతుందా తేలుతుందా అన్నది ఆ కాగితం చెప్పదు.

మీరు కొంటున్నది సోఫాలు, కిచెన్ కప్‌బోర్డులు కాదు, ఇనుప తొట్టె. నారోబోట్ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు, ఎందుకంటే చాలా కాలువల లాకులు 7 అడుగులే. 57 అడుగుల పొడవు మంచి ఎంపిక. ఉత్తరాదిలోని పొట్టి లాకుల్లో కూడా పడుతుంది కాబట్టి మళ్ళీ అమ్ముకునేటప్పుడు గిరాకీ ఉంటుంది. ఆ కాలపు పడవల్లో మామూలుగా అడుగు ప్లేటు 10 మిల్లీమీటర్లు, పక్క ప్లేట్లు 6, క్యాబిన్ 4 ఉంటాయి. ఇరవై ఏళ్ళలో అందులో ఎంత తుప్పు తినేసిందన్నదే మీ 48,000 పౌండ్ల ప్రశ్న.

దీనికి సర్వే ఒక్కటే దారి. పడవను నీళ్ళలోంచి బయటికి తీయించి, ఒళ్ళంతా కడిగించి, అల్ట్రాసౌండ్ యంత్రంతో అక్కడక్కడా మందం కొలిపించాలి. సర్వేయర్‌ని మీరే పెట్టుకోండి. అమ్మే ఆయన చూపించే పాత రిపోర్టు ఆయన కోసం రాసింది. అందులో తప్పుంటే మీరు ఎవరినీ అడగలేరు. యాట్ డిజైనర్స్ అండ్ సర్వేయర్స్ అసోసియేషన్‌లోనో ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెరైన్ సర్వేయింగ్‌లోనో సభ్యుడై, నారోబోట్లు చూసిన అనుభవం ఉన్న మనిషిని పట్టుకోండి. క్రేను ఖర్చు కూడా కలిపితే కొన్ని వందల పౌండ్లు అవుతుంది. ఆఫర్ రాసేటప్పుడే "సర్వే సంతృప్తికరంగా ఉంటేనే" అని రాయించుకోండి.

సర్వే రోజు సెలవు పెట్టి మీరిద్దరూ వెళ్ళండి. సర్వేయర్ సుత్తితో తడుతూ, నల్ల రంగు గీకుతూ వెళుతుంటే పక్కనే ఉండి చూడండి. ఇనుము మీద చింతగింజంత గుంటలు కనిపిస్తాయి. ప్లేటంతా సమానంగా అరగడం కంటే ఆ గుంటలే ప్రమాదం. ప్లేటు సగటు మందం 5.5 ఉండి కూడా ఒక్క గుంట దగ్గర 3 మిల్లీమీటర్లే మిగిలి ఉండవచ్చు. నీటి మట్టం దగ్గర, వెనక ప్రొపెల్లర్ చుట్టూ, రెండు ప్లేట్లు కలిసే అతుకు దగ్గర ఎక్కువగా చూడమనండి. 4 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చాలా ఇన్సూరెన్సు కంపెనీలు పేచీ పెడతాయి. అప్పుడు పైనుంచి కొత్త ప్లేట్లు వెల్డింగ్ చేయించాలి, అది వేల పౌండ్ల పని. ఇరవై ఏళ్ళ పడవకే అలా ప్లేట్లు వేసి ఉన్నారంటే, ఎందుకు అవసరమైందో గట్టిగా అడగండి. మంచి జవాబు రాకపోతే వదిలేయండి.

తుప్పు లోపలి నుంచి కూడా వస్తుంది, దీన్ని చాలామంది చూడరు. షవర్ ట్రే పగిలో, కిటికీ కారో నీళ్ళు చెక్క నేల కిందికి చేరితే ఏళ్ళ తరబడి అక్కడే నిలిచి అడుగు ప్లేటును పైనుంచి తినేస్తాయి. క్యాబిన్ చివర, మెట్ల దగ్గర నేలలో చిన్న మూత ఉంటుంది. తీయించి చెయ్యి పెట్టి చూడండి. పొడిగా, కాస్త దుమ్ముగా ఉండాలి. తడి తగిలినా, ముక్కిన వాసన వచ్చినా ధర సంగతి తర్వాత, ముందు కారణం తెలియాలి. అసలు మూతే లేదంటే సర్వేయర్‌తో చెప్పండి.

కాగితాల విషయం త్వరగా చెప్పేస్తాను. పడవలకు కార్లకు ఉన్నట్టు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ పుస్తకం లేదు. ట్రస్ట్ లైసెన్సు ఆయన పేరు మీద ఉన్నంత మాత్రాన పడవ ఆయనదని కాదు. మొదటి బిల్లు నుంచి ఆయన దాకా అమ్మకం కాగితాలు వరసగా ఉండాలి. దాని మీద అప్పు లేదని రాతపూర్వకంగా తీసుకోండి. 1998 జూన్ తర్వాత కట్టిన పడవ కాబట్టి సీఈ గుర్తు (ఐరోపా ప్రమాణాల ముద్ర), తయారీదారు ఇచ్చిన ధ్రువపత్రం, ఓనర్స్ మాన్యువల్ కూడా అడగండి.

ఇక ఏటా చేసుకోవలసిన పనులు. పెద్దది అడుగుకు నల్ల పూత. మామూలు తారు రంగైతే రెండు మూడేళ్ళకోసారి పడవను బయటికి తీసి, ప్రెషర్ వాటర్‌తో కడిగి, రెండు మూడు కోటింగులు వేయాలి. మనిషిని పెట్టి చేయిస్తే 57 అడుగుల పడవకు వెయ్యి పౌండ్లకు అటూ ఇటూ అవుతుంది. ఎపాక్సీ పూత ఖరీదెక్కువ, దానికి ముందు ఇనుమును పూర్తిగా శుభ్రం చేయాలి, కానీ ఐదేళ్ళకు పైగా నిలుస్తుంది. పడవలోనే ఉండేవాళ్ళకు ప్రతిసారీ ఇల్లంతా క్రేనుకెక్కించడం తలనొప్పి, అందుకే చేతిలో డబ్బుంటే ఎపాక్సీయే మంచిదంటాను. పడవ పక్కలకు వెల్డింగ్ చేసిన మెగ్నీషియం దిమ్మలుంటాయి. ఇనుముకు బదులు అవి కరిగిపోతాయి. సగానికి పైగా అరిగితే మార్పించండి. మెరీనాలో గట్టు మీది కరెంటు ప్లగ్గు పెట్టుకున్నారంటే పక్క పడవలతో ఎర్త్ తీగ ద్వారా మీ పడవ కలిసినట్టే. ఆ దారిలో సన్నటి కరెంటు పారి మీ ఇనుమును తినేస్తుంది. దాన్ని ఆపడానికి గాల్వానిక్ ఐసొలేటర్ అని చిన్న పెట్టె ఉంటుంది. ఈ పడవలో అది ఉందో లేదో చూడండి. లేకుండా ఏళ్ళ తరబడి ప్లగ్గులో ఉన్న పడవైతే సర్వేలో ఆ గుంటలు కనిపిస్తాయి.

వెనక ఇంజిన్ గదిలో మీ వారు రోజూ చేయవలసిన పని ఒకటుంది, ఆయనకు దగ్గరుండి నేర్పించండి. ప్రొపెల్లర్ తిప్పే ఇరుసు పడవ గోడలోంచి బయటికి వెళ్ళే చోట స్టెర్న్ గ్లాండ్ ఉంటుంది. అక్కడ గ్రీజుతో నీళ్ళను ఆపుతారు. పాత తరహా పడవలో పక్కనే ఇత్తడి బుడ్డి, దాని మీద పిడి ఉంటాయి. ప్రయాణం అయిపోయి ఇంజిన్ ఆపాక ఆ పిడిని చేతికి గట్టిగా తగిలేదాకా తిప్పాలి. ఇరుసు తిరిగేటప్పుడు ఒకటీ అరా చుక్కలు పడినా ఫర్వాలేదు, ఆగాక పడకూడదు. బుడ్డిలో గ్రీజు అయిపోయినా తెలియక తిప్పుతూ ఉంటే, రాత్రంతా చుక్కచుక్కగా నీళ్ళు చేరతాయి. నీళ్ళు తోడే మోటారు వాటిని తనంతట తానే బయటికి పోస్తుంది. కానీ అదే పనిగా పోస్తూ పోతే బ్యాటరీ అయిపోతుంది, మోటారు ఆగిపోతుంది. సెలవులకు ఇండియా వెళ్ళి తిరిగొచ్చేసరికి మునిగిపోయిన పడవల కథల్లో చాలావాటికి మూలం ఇదే. మీరు ఊరెళ్ళినప్పుడు వారానికోసారి చూసే మనిషిని పెట్టుకోండి.

ప్రొపెల్లర్‌కు గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు, తాళ్ళు చుట్టుకుంటాయి. వాటిని తీయడానికి వెనక నేలలో వీడ్ హ్యాచ్ అనే మూత ఉంటుంది. ఇంజిన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకున్నాకే ఆ చల్లటి నీళ్ళలో చెయ్యి పెట్టాలి. తీసేశాక మూతను సరిగ్గా కూర్చోబెట్టి బిగించి, నెమ్మదిగా గేరు వేసి చుట్టూ నీళ్ళు చిమ్ముతున్నాయేమో చూడాలి. మూత వదులుగా ఉంటే ప్రొపెల్లరే పడవలోకి నీళ్ళు కొట్టేస్తుంది. పనిలో పనిగా మనవాళ్ళందరికీ ఒక మాట: పూజ పూలు, పాత చీరలు, వినాయకుడి విగ్రహాలు ఇక్కడి కాలువల్లో వేయకండి. ఈ నీళ్ళు పారవు, లోతు కూడా మొలబంటే. వేసినవి వేసినచోటే ఉండి ఎవరి ప్రొపెల్లర్‌కో చుట్టుకుంటాయి.

వంట గురించి భయపడకండి. పోపు, పులుసు, వేపుడు అన్నీ చేసుకోవచ్చు. పడవల్లో వాడేది ప్రొపేన్ గ్యాస్. బ్యూటేన్ సిలిండర్ చవకని తెస్తే మంచు పడే రోజుల్లో అది వెలగదు. ఇంట్లోకంటే ఇక్కడ ఒక్క జాగ్రత్త ఎక్కువ. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే కిందికి దిగి నేల కింద పేరుకుంటుంది, పడవలో అది బయటికి పోయే దారి లేదు. అందుకే సిలిండర్లను బయటికి కన్నాలున్న విడి పెట్టెలో పెడతారు. రాత్రి పడుకునేముందు సిలిండర్ దగ్గరే గ్యాస్ ఆపేయండి. వాసన అనుమానంగా ఉన్న రోజున దేవుడి దగ్గర దీపం, అగరొత్తి కూడా వెలిగించకండి. గ్యాస్ పని దేనికైనా పడవల అర్హత ఉన్న గ్యాస్ సేఫ్ ఇంజినీరునే పిలవాలి. నేర్చుకుని చేసుకునే పని కాదు అది.

వంటతో అసలు సమస్య ఆవిరి. అన్నం, ఇడ్లీ, సాంబారు మరిగిన ఆవిరంతా చల్లటి ఇనుముకు, కిటికీ అద్దాలకు తగిలి నీళ్ళవుతుంది. వారం తిరిగేసరికి పరుపు కింద బూజు. మూతలు పెట్టి వండండి, వంట చేసినంతసేపూ దగ్గరి కిటికీ కాస్త తెరవండి, బట్టలు లోపల ఆరేయకండి, పరుపుల కింద గాలి ఆడే పట్టీలు వేయండి. చలి వేస్తోందని గోడల్లోని గాలి కన్నాలకు గుడ్డలు మాత్రం కుక్కకండి. పొయ్యి వెలుగుతున్న పడవలో అది ప్రాణం తీసే పని. సింకులో నీళ్ళు నేరుగా కాలువలోకే పోతాయి, కాబట్టి వేపుడు నూనె, పులుసు అందులో పోయకండి. డబ్బాలో పోసి చెత్తలో వేయండి.

కరెంటు లెక్క తేలికే. నాలుగు 110 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఉన్నాయనుకుందాం. సగానికి మించి వాడితే పాడవుతాయి, అంటే మీకు దొరికేది దాదాపు రెండున్నర యూనిట్లు. పచ్చడికి మిక్సీ ఐదు నిమిషాలు తిప్పితే పెద్ద ఖర్చేం కాదు. 700 వాట్ల రైస్ కుక్కర్ అరగంట పెడితే మూడో వంతు యూనిట్ పోతుంది, సరే. ఇండక్షన్ పొయ్యి, గది హీటర్, హెయిర్ డ్రయ్యర్ కలిస్తే మాత్రం సాయంత్రానికే చీకటి. రెసిడెన్షియల్ మూరింగ్‌లో గట్టు కరెంటు ఉంటుంది కాబట్టి మీకు రోజూ ఈ చింత ఉండదు. ప్రయాణంలో ఉన్నప్పుడు ఇంజిన్ నడిపితే బ్యాటరీలు నిండుతాయి, వేడినీళ్ళూ కాగుతాయి. అయితే పక్క పడవలకు దగ్గర్లో కట్టేసి ఉన్నప్పుడు రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా ఇంజిన్ వేయకూడదని లైసెన్సు నిబంధన.

బాత్రూము గురించి ఎవరూ సూటిగా చెప్పరు కాబట్టి నేను చెబుతాను. క్యాసెట్ టాయ్‌లెట్ అంటే దాదాపు 20 లీటర్ల డబ్బా. దాన్ని మీరే మోసుకెళ్ళి కాలువ గట్టునున్న ఎల్సాన్ పాయింట్‌లో పారబోసి కడగాలి. పంపౌట్ అంటే పడవ కింద పెద్ద ట్యాంకు, నిండాక డబ్బు కట్టి మెరీనాలో యంత్రంతో లాగించుకోవాలి. ఇక్కడివాళ్ళు చెప్పే "ఇన్ని రోజులకోసారి" లెక్కలు కాగితం వాడేవాళ్ళవి. మనకు నీళ్ళతో కడుక్కునే అలవాటు, కాబట్టి ఏ ట్యాంకైనా ఇంకా ముందే నిండుతుంది. ముగ్గురున్న ఇంటికి క్యాసెట్ అయితే కనీసం మూడు డబ్బాలు ఉంచుకోండి, ఒక్క రోజు తీరిక లేకపోయినా ఇబ్బంది రాదు. నీళ్ళు లేని కంపోస్టు టాయ్‌లెట్లు ఫ్యాషనయ్యాయి గానీ, ఆ సంచుల్ని తన చెత్త డబ్బాల్లో వేయడానికి ట్రస్ట్ ఒప్పుకోదు, పారేసే చోటు మీరే చూసుకోవాలి. మీ ఇంటికి అది వద్దు.

చలికి భయం అక్కర్లేదు. మంచి ఇనుప పొయ్యి రాత్రంతా పొగరాని బొగ్గుతో నిప్పు నిలుపుకుంటే పడవ ఇంటికంటే వెచ్చగా ఉంటుంది. గట్టి చలిలో 25 కిలోల బస్తా నాలుగైదు రోజులకంటే ఎక్కువ రాదు. పచ్చి కట్టెలు వేస్తే చిమ్నీలో తారు పేరుకుని మంటలంటుకుంటాయి. పొయ్యి తలుపు చుట్టూ పొగ రాకుండా పెట్టే తాడు, అద్దం, పొగ గొట్టం అతుకులు ప్రతి ఏడూ చలికి ముందే చూడండి, చిమ్నీ తుడిపించండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడవల్లో తప్పనిసరి. మీరు పొయ్యి ఉన్న గదిలో ఒకటి, పడుకునే చోట ఒకటి పెట్టండి, వారానికోసారి బటన్ నొక్కి పరీక్షించండి. పొయ్యి ఆరిపోతోందని ఊళ్ళో కుంపటి పెట్టినట్టు బొగ్గుల పళ్ళెం లోపల పెట్టే ఆలోచన ఎప్పుడూ రానివ్వకండి.

ఇక బాబు, లాకులు. గోదావరి డెల్టా కాలువల్లో పడవలు నడవడానికి కాటన్ దొర కాలంలో కట్టించిన లాకులు చూస్తూ పెరిగారు మీరు, కాబట్టి అవి ఎలా పనిచేస్తాయో చెప్పక్కర్లేదు. కానీ మన దగ్గర లాకులు తిప్పే లస్కర్లుంటారు. ఇక్కడ చాలా చోట్ల ఎవరూ ఉండరు, తలుపులు, తూములు అన్నీ మనమే తిప్పుకోవాలి. కిందికి దిగేటప్పుడు పై తలుపు అడుగున ఒక రాతి గట్టు నీళ్ళలోంచి తేలుతుంది. గోడ మీద తెల్ల గీత దాని హద్దు. పడవ వెనక భాగం ఆ గీతకు ముందే ఉండాలి. ఏమరుపాటున వెనక్కి జరిగితే, నీళ్ళు దిగుతున్న కొద్దీ వెనక భాగం గట్టు మీద చిక్కుకుని ముందు భాగం కిందికి వంగి, నిమిషాల్లో పడవ నిండిపోతుంది. కాబట్టి లాకులో ఉన్నంతసేపూ చుక్కాని దగ్గర ఉన్నవాళ్ళ చూపు ఆ గీత మీదే. తూము దగ్గరున్న మనిషి పడవను చూస్తూ తిప్పాలి, ఫోను చూస్తూ కాదు. తేడా కనిపిస్తే దిగువ తూములు వెంటనే మూసేసి, తర్వాత పై తూములు నెమ్మదిగా తెరవాలి. బాబు డెక్ మీదికి వచ్చాడంటే లైఫ్ జాకెట్ ఉండాల్సిందే, దీనికి మినహాయింపు పెట్టకండి. పదిహేను టన్నులకు పైన బరువుండే పడవను గోడకు తగలకుండా చేత్తోనో కాలితోనో ఆపబోవద్దని వాడికి మొదటి రోజే నేర్పండి. తగిలితే తగలనివ్వండి, ఇనుమే కదా. వేగం గంటకు 4 మైళ్ళే, కట్టేసిన పడవల పక్కన అంతకంటే నెమ్మది. మొదట కాస్‌గ్రోవ్ నుంచి ఫెన్నీ దాకా తిరగండి. దాదాపు పదకొండు మైళ్ళు ఒక్క లాకూ లేదు. ఫెన్నీ లాకు కూడా ఒక అడుగే దింపుతుంది, నేర్చుకోవడానికి అంత సుఖమైనది మరొకటి దొరకదు.

అత్తమామలకు మోకాళ్ళ నొప్పులుంటే నిక్కచ్చిగా చెప్పండి. గట్టు మీంచి డెక్ మీదికి అడుగు వేయాలి, అక్కణ్ణించి నిటారు మెట్లు దిగాలి, వాన పడితే ఇనుము జారుతుంది. లోపల వెడల్పు దాదాపు ఆరడుగులే, ఒకరు నడుస్తుంటే మరొకరు పక్కకు ఒదగాలి. పగలంతా వాళ్ళతో కాలువ మీద తిరగండి, గోదారి ఒడ్డువాళ్ళకు సంతోషంగానే ఉంటుంది. రాత్రికి మాత్రం దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకోండి.

డబ్బు సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. మీరిప్పుడు ఏడాదికి 19,200 పౌండ్లు అద్దె కడుతున్నారు. పడవలో అంత కాదు. లైసెన్సు ఏడాదికి వెయ్యి దాటుతుంది. ఇన్సూరెన్సు కొన్ని వందలు. బొగ్గు, గ్యాస్, డీజిల్, ఇంజిన్ సర్వీసు, నల్ల పూత కోసం పక్కన పెట్టేది, వీటన్నిటికంటే పెద్దది మూరింగ్ అద్దె, ఇది ఊరును బట్టి విపరీతంగా మారుతుంది. మీరు ఫోన్ చేసి తెలుసుకోవలసిన మొదటి అంకె అదే. ఇంటికి దొరికే హోమ్ లోను పడవకు దొరకదు. మెరైన్ లోన్లకు గడువు తక్కువ, వడ్డీ ఎక్కువ. పడవ కింద భూమి ఉండదు కాబట్టి ఇంటిలా విలువ పెరుగుతుందని పెట్టుకోకండి. ఇల్లు కొనే డిపాజిట్ మొత్తం ఇందులో పోస్తున్నారంటే నేను వద్దంటాను. 48,000 పెట్టాక కూడా చేతిలో కనీసం పదివేలు మిగిలితేనే ముందుకు వెళ్ళండి. మొదటి రెండేళ్ళలో బ్యాటరీలకో, నీళ్ళ పంపుకో, కిటికీలకో ఏదో ఒక రిపేరు వస్తుంది.

అమ్మే ఆయన "ఇంకో ముగ్గురు చూస్తున్నారు" అని తొందరపెడతాడు. పెట్టనివ్వండి, 57 అడుగుల పడవలు ఎప్పుడూ అమ్మకానికి ఉంటాయి. ఈలోగా చలికాలంలోనూ అద్దెకిచ్చే సంస్థ ఒకటి చూసుకుని, ఫిబ్రవరి హాఫ్ టర్మ్ సెలవుల్లో ముగ్గురూ వారం రోజులు పడవ అద్దెకు తీసుకోండి. వేసవిలో వద్దు, వేసవిలో ఏ పడవైనా నచ్చుతుంది. ఆ వారంలో రోజూ వంట చేయండి, టాయ్‌లెట్ డబ్బా ఇద్దరూ వంతులవారీగా ఖాళీ చేయండి, మీరు కూడా చుక్కాని పట్టండి. మావారే నడుపుతారులే అని లోపల కూర్చుంటే ఆయనకు జ్వరం వచ్చిన రోజున పడవ ఎక్కడుందో అక్కడే ఉండిపోతుంది. తిరిగొచ్చాక కూడా ఇద్దరికీ ఇష్టంగానే ఉంటే, మూరింగ్ జవాబులు వచ్చి ఉంటాయి కాబట్టి అప్పుడు సర్వేయర్‌ని పిలవండి. రిపోర్టులో ప్లేట్ల మందం అంకెలు రాసిన పేజీ, సర్వేయర్ తప్పనిసరి అని రాసిన రిపేర్ల జాబితా నాకు పంపండి. ధరలో ఎంత తగ్గించమని అడగాలో కలిసి చూద్దాం.